సోమవారం రిపోర్టు

గురువారం పొద్దున పదకొండు గంటలకు డెబోరా గాజు గొట్టాలు కడిగి స్టాండులో బోర్లిస్తూ ఉండగా, ల్యాబు గుమ్మంలోకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆగారు. పెద్దామె గుమ్మం పట్టుకుంది, చిన్నామె పెద్దామెను పట్టుకుంది. చిన్నామె నడుము ముందుకు వంగిపోయి ఉంది. కుడికాలు నేలకు పూర్తిగా ఆనించకుండా, మోకాలు కొద్దిగా మడిచి, వేళ్ల మీదే నిలబడింది.

"డెబోరా అంటే నువ్వేనా?" అంది పెద్దామె.

"నేనేనమ్మా. ఏం టెస్టు చేయించాల?"

"చేయించేదేం లేదు. సోమవారమే అయిపోయింది. నువ్వే చేసినావు. ఈమె దుర్గ, నేను గురవమ్మ. రొయ్యల కంపెనీలో ఒకే బల్ల కాడ తలకాయలు తీస్తాము. ఇదిగో నువ్విచ్చిన కాయితం."

నాలుగు మడతలు పడ్డ కాగితం అది. పైన ల్యాబు పేరు, కింద రెండు సంతకాలు. ఒకటి ల్యాబు యజమాని హజరత్తయ్యది, రెండోది డెబోరాది. మధ్యలో మూడు వరసలు. హిమోగ్లోబిన్ ఎనిమిది. ఈఎస్‌ఆర్ తొంభై ఆరు. సీఆర్‌పీ నెగెటివ్.

"ఏం లేదని రాసినావంట గదా. ఏం లేకపోతే ఈ బిడ్డ ఎందుకిట్టా నిలబడి ఉండాదో నువ్వే చెప్పు" అంది గురవమ్మ.

డెబోరాకు ఒళ్లు మండింది. రిపోర్టు నచ్చనివాళ్లు ల్యాబుకు కొత్త కాదు. షుగరు ఎక్కువ వస్తే మిషను పాడైందంటారు. తక్కువ వస్తే మిషను మంచిదంటారు. బోగోలులో ఆ ల్యాబు పెట్టి ఇరవై రెండేళ్లయింది, డెబోరా చేరి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో రక్తం ఇచ్చిపోయినవాళ్లు పోట్లాటకు తిరిగి రాని నెల ఒక్కటి లేదు.

"చూడమ్మా," అంది చేతులు తుడుచుకుంటూ. "ఒంట్లో యాడ వాపున్నా, చీమున్నా, కాలేయం ఒక పదార్థాన్ని రక్తంలోకి వదుల్తుంది. అది ఉందా లేదా అని చూసేదే ఈ సీఆర్‌పీ. మీకు లేదు. నొప్పి లేదని నేను రాయలా. ఆ పదార్థం లేదని రాసినాను."

"ఈఎస్‌ఆరంట, అది ఎక్కువుందని కాంపౌండరు చెప్పినాడే?"

"రక్తం తక్కువున్నోళ్లందరికీ అది ఎక్కువే ఉంటుంది. ఎనిమిదికి పడిపోయింది గదా."

ఈ మాట డెబోరా రోజుకు పదిసార్లు అంటుంది. అనగా అనగా నాలుకకు అలవాటైపోయింది. అప్పటిదాకా మాట్లాడని దుర్గ తలెత్తింది. ముప్పై, ముప్పై ఒకటి ఉంటాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"మా సూపర్‌వైజరు విజయకుమారి ఈ కాయితాన్ని బల్ల కాడ అందరి ముందరా చదివింది మేడమ్. ఏం లేదంట, నటిస్తా ఉండాదంట అని. మంగళవారం నా పేరు కొట్టేసినారు. ఇంటికి పోతే నా మొగుడు, లే, లేచి కూడొండు, కాయితంలోనే ఏం లేదు గదా అంటాడు." ఆమె గురవమ్మ మీదనుంచి చెయ్యి తీసి నడుము మీద పెట్టుకుంది. "రెండు రోజులుగా నాకే అనుమానంగా ఉండాది. నిజంగానే నటిస్తా ఉండానేమో అని."

ఆ ఆఖరి మాట డెబోరాకు గుచ్చుకుంది. పోట్లాటకు వచ్చినవాళ్లు అలా మాట్లాడరు. "ముందు కూర్చోండి" అని బెంచీ చూపించింది.

దుర్గ కూర్చోలేదు. బెంచీ మీద పక్కకు వాలి, కుడి మోకాలు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. పడుకున్నాక గానీ ఆమె మొహంలో బిగువు సడలలేదు. పది నిమిషాలు గడిచాయో లేదో, ఆమె పళ్లు టకటకమని కొట్టుకోవడం మొదలైంది. మే నెల ఎండలో, రేకుల కప్పు కింద, బెంచీ కాళ్లు గచ్చు మీద చప్పుడయ్యేంత వణుకు వచ్చింది.

గురవమ్మ తన పైట తీసి కప్పుతూ, "ఏడింటికి వేసుకున్న బిళ్ళ దిగిపోయినట్టుండాది" అంది.

"ఏ బిళ్ళ?"

"గేటు బిళ్ళ."

డెబోరాకు అర్థం కాలేదు. గురవమ్మ ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూస్తాడు. ఎర్ర లైటు వెలిగితే ఇంటికి పొమ్మంటాడు. ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని ఒళ్లు ఏ కాస్త వెచ్చబడినా ఆడవాళ్లు గేటుకు అరగంట ముందు ఒక పారాసెటమాల్ మింగేస్తారు. సగంమంది వెచ్చబడకపోయినా మింగుతారు, ఎందుకైనా మంచిదని. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గేటు బిళ్ళ.

"ఇవాళ మీరు వచ్చేది ల్యాబుకు గదా. ఇవాళెందుకు వేసుకున్నారు?" అంది డెబోరా.

"అలవాటు" అంది దుర్గ వణుకుతూనే. "యాడికి పోయినా వేసుకునే పోతాను."

"సోమవారం కూడానా?"

"సోమవారం కూడా."

డెబోరా థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టింది. నూట మూడు దాటింది. చేతులు చూసింది. కుడి చూపుడువేలి కణుపు మీద గోధుమగింజంత మచ్చ, పైన చర్మం మూసుకుపోయి గట్టిపడింది. నెల కిందట రొయ్య కొమ్ము గుచ్చుకుందని, చెయ్యి తెగినవాళ్లను కూడా బల్ల దగ్గరికి రానివ్వరు కాబట్టి పసుపు అద్ది పైన గ్లౌజు తొడుక్కుందని గురవమ్మే చెప్పింది. వేలు మానింది. వారం తర్వాత నడుము నొప్పి మొదలైంది.

కాగితం లేదంటోంది. థర్మామీటరు నూట మూడు అంటోంది. రెండూ ఒకే మనిషివి.   లెక్క తప్పిన చోటు దొరకబోతున్నప్పుడు కలిగే ఆత్రం డెబోరాకు కలిగింది.

ముందు కొత్తగా రక్తం తీసింది. గిరగిరా తిప్పే మిషనులో పెట్టి, ఈలోగా ఫ్రిజ్ తెరిచింది. ఆ వారం రక్తాలన్నీ స్టాండ్లలో వరసగా ఉన్నాయి. సోమవారం వరసలో ఏడోది దుర్గది. రెండు సీసాల నుంచీ పైన తేలిన పచ్చటి సీరం ఒక్కో చుక్క తీసి, నల్ల గాజు పలక మీద రెండు వలయాల్లో వేసింది. పక్కన పాలలా తెల్లగా ఉండే మందు ఒక్కో చుక్క. ఆ మందులో కంటికి కనిపించని పూసలుంటాయి. రక్తంలో సీఆర్‌పీ ఉంటే పూసలు ఒకదాన్నొకటి పట్టుకుని విరిగిన పాలలా గడ్డలు కడతాయి. లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి. పుల్లతో కలిపి, పలకను రెండు నిమిషాలు ఇటూ అటూ ఊపి, దీపం కిందికి వంచింది.

రెండూ నున్నగా ఉన్నాయి. ఒక్క పలుకు లేదు.

సరిచూసుకోవడానికి కిట్టుతో వచ్చే రెండు చుక్కలూ, సీఆర్‌పీ ఉన్నదొకటి, లేనిదొకటి, వేసింది. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు సరిగ్గా వచ్చాయి. మందు పాడవలేదు. చెయ్యీ తప్పలేదు.

"సార్" అని పిలిచింది.

హజరత్తయ్య లోపలి టేబుల్ దగ్గర టీ తాగుతున్నాడు. అరవై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. జిల్లాలో మిషన్లు రాకముందు నుంచీ సూక్ష్మదర్శిని మీద వంగిన మెడ కాబట్టి కొంచెం వంగే ఉంటుంది. డెబోరాకు ఈ పని నేర్పింది ఆయనే. విషయం విని, "రెండుసార్లు లేదన్నాక లేనట్టే. మలేరియా చూడు" అన్నాడు.

డెబోరా మలేరియా పట్టీ కూడా వేసింది. అదీ లేదు. ఇక ఏం చేయాలో తోచక, కిట్టు డబ్బా తీసి బోర్లా తిప్పి చూసింది. డబ్బాతో ఒక కాగితం వస్తుంది, చీమతలల్లాంటి అక్షరాలతో. దాన్ని ఎవరూ చదవరు. ఈ డబ్బాలో అది లేదు. వెతగ్గా వెతగ్గా హజరత్తయ్య టీ గ్లాసు కింద కనిపించింది, గోధుమరంగు వలయాలతో. గ్లాసు ఎత్తి లాగేసింది.

"ఏందమ్మా అది?"

"ఇది ఎప్పుడైనా చదివినారా సార్?"

"కిట్టు కిట్టుకీ వస్తుంది గదా" అన్నాడాయన, అదే జవాబైనట్టు.

కిటికీ దగ్గర నిలబడి వేలు పెట్టుకుని చదివింది. రెండో పేజీ, కిందనుంచి నాలుగో వరస. సీఆర్‌పీ అతి ఎక్కువగా ఉన్న రక్తంలో గడ్డలు కట్టకపోవచ్చు, నెగెటివ్ అని పొరబడే వీలుంది. అనుమానం ఉంటే సెలైన్‌తో పలచన చేసి మళ్లీ చూడాలి.

ఆ వరసను మూడుసార్లు చదివింది. ల్యాబులో పలచన చేయడం తెలియనిది కాదు. ఉంది అని తేలితే, ఎంత ఉందో కొలవడానికి పలచన చేస్తారు. లేదు అని తేలిన దాన్ని పలచన చేసేదెవరు? లేనిదాంట్లో నీళ్లు పోస్తే ఇంకా లేకుండా పోతుంది గానీ, ఉన్నదవుతుందా? ఈ జిల్లాలో అందరి తెలివీ అదే. సరిగ్గా అక్కడే దుర్గ జారిపోయింది.

"సార్, లేచి రండి" అంది. ఆమె గొంతు విని హజరత్తయ్య నిజంగానే లేచాడు.

ఆరు చిన్న గొట్టాలు వరసగా పెట్టింది. అన్నింట్లో సెలైన్. మొదటిదాంట్లో సోమవారం సీరం పోసి, కలిపి, అందులోంచి సగం రెండోదాంట్లోకి, దాంట్లోంచి సగం మూడోదాంట్లోకి. రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. తొందరలో చుక్కలు కొలిచే పిపెట్ చివర జారింది. హజరత్తయ్య దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దిగాయి. ఆరు వలయాల్లో ఆరు చుక్కలు, కొలిచినట్టు, ఒక్క బుడగ లేకుండా వేశాడు. చాలా రోజుల తర్వాత ఆయన చెయ్యి పని చేయడం డెబోరా చూసింది.

పలక ఊపుతూ ఇద్దరూ దీపం కింద తలలు ఆనించారు.

మొదటి వలయం నున్నగా ఉంది. రెండోదాంట్లో సన్నటి ఇసుక లాంటిదేదో కదిలింది. "ఉండు, ఉండు" అన్నాడు హజరత్తయ్య, పలకకో డెబోరాకో. మూడో వలయంలో పాలు విరిగాయి. కళ్ల ముందే, తెల్లగా, పలుకులు పలుకులుగా విడిపోయి అంచులకు చేరాయి. నాలుగోదాంట్లో ఇంకా ముందే విరిగాయి. ఐదోదాంట్లోనూ విరిగాయి. ఆరోదాంట్లో సన్నగా ఉన్నా, ఉన్నాయి.

"అరవై నాలుగింతల్లో కూడా!" డెబోరా అరిచింది.

"అరవై నాలుగు ఆర్ల మూడు వందల ఎనభై నాలుగు!" హజరత్తయ్య కూడా అరిచాడు. "ఆరు దాటితేనే ఉన్నట్టు లెక్క. మూడు వందల ఎనభై నాలుగమ్మా! ఇరవై రెండేళ్లలో నేను చూళ్లేదు!"

డెబోరా చప్పట్లు కొట్టింది. ఒళ్లంతా తేలిపోయింది. ఈ రోజు తీసిన రక్తానికీ అలాగే చేశారు, అదీ అంతే వచ్చింది. పుస్తకంలో ఎప్పుడో పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిన సంగతి, తన పలక మీద, తన కళ్ల ముందు జరిగింది. పక్క మెడికల్ షాపులోకి పరుగెత్తి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ సంతోషంతోనే ముందుగదిలోకి వెళ్లింది.

గురవమ్మ బెంచీ పక్కన నేల మీద కూర్చుని దుర్గ పాదాలు రుద్దుతోంది. చప్పట్ల శబ్దం విన్నట్టుంది. "ఏం తల్లీ, మంచి కబురేనా?" అంది ఆశగా.

డెబోరా నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఏం చెప్పాలి? ఉందమ్మా, బోలెడంత ఉంది, సోమవారమే ఉంది, నేనే లేదని రాశాను అనా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంత సిగ్గు ఆమెకు ఎప్పుడూ వేయలేదు.

"నెల్లూరు పోవాల" అంది. "ఇప్పుడే. నేనూ వస్తా."

హజరత్తయ్య అప్పటికే నూట ఎనిమిదికి ఫోన్ చేస్తున్నాడు.

అంబులెన్సులో గురవమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. జాతీయ రహదారి ఎక్కాక, "ఉన్నది ఎక్కువైతే లేనట్టు ఎట్టా కనపడతాది తల్లీ? నాకు అర్థం కాలా" అంది.

డెబోరాకు రేవు గుర్తొచ్చింది. "రేవులో పడవల్ని ఒకదానికొకటి కడతారు గదా. ఒక తాడు రెండు పడవల్ని కలుపుతుంది. ప్రతి పడవ కొయ్యకీ ముందే పది తాళ్లు చుట్టేసి పెట్టినారనుకో, పక్క పడవ తాడు కట్టడానికి చోటుంటుందా? అన్ని పడవలూ విడివిడిగా తేలతా ఉంటాయి. తాళ్లు లేవనుకుంటాం. తాళ్లు ఎక్కువైపోయి అట్టా అయింది."

"నీళ్లు పోసి చూసినామంటివే, అప్పుడు?"

"తాళ్లు తగ్గుతాయి. అప్పుడు కట్టుకుంటాయి."

గురవమ్మ తలాడించింది. స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉన్న దుర్గ కూడా తలాడించింది. వింటూ ఉందని డెబోరాకు అప్పుడు తెలిసింది.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టర్ టైటస్ చేసిన మొదటి పని దుర్గ కుడికాలు మెల్లగా చాపించబోవడం. ఆమె కేక విని వార్డు మొత్తం ఇటు తిరిగింది. ఆయన కాలు వదిలేసి, డెబోరా తెచ్చిన కాగితం చూసి, స్కానింగుకు తానే బండి తోసుకుంటూ తీసుకుపోయాడు. వెన్నెముక పక్కన, లోపలి కండరంలో చీము. వేలి మీద మానిపోయిన గాటునుంచి లోపలికి దిగి అక్కడ చేరింది. సాయంత్రం ఐదింటికల్లా సన్నటి గొట్టం వేసి తీస్తే అర లీటరు దాకా వచ్చింది.

"సరైన టైముకి తెచ్చినారు" అన్నాడు టైటస్ బయటికి వచ్చి. "ఇంకో రెండు రోజులైతే రక్తమంతా విషమయ్యేది. నెగెటివ్‌ను పలచన చేసి చూడాలని మీకు ఎట్టా తట్టింది? మా పీజీలకే తట్టదు."

మంచి డాక్టరు పొగిడితే ఎవరికి తీపి ఉండదు? డెబోరాకూ తీపిగానే ఉంది. అయినా గొంతు దిగలేదు.

"సోమవారం లేదని రాసింది కూడా నేనే సార్" అంది.

 "ఆ మాట కూడా రాతలో ఉంటే మంచిది" అని టైటస్ లోపలికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున ల్యాబు తెరవగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. హజరత్తయ్య స్పీకర్ పెట్టాడు. అవతల సూపర్‌వైజరు విజయకుమారి.

"దుర్గకి గురువారం జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడిందంట గదా సార్. పాపం. కానీ సోమవారం ఏం లేదు గదా? మీ రిపోర్టే ఉంది. సోమ, మంగళ, బుధ ఊరికే మానేసినట్టే గదా. ఫైల్లో అట్లా రాసుకుంటా ఉండాం. మళ్లీ పనిలోకి తీసుకునేదీ లేనిదీ దాన్ని బట్టే ఉంటుంది."

"మళ్లీ చెప్తానమ్మా" అని హజరత్తయ్య పెట్టేశాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, డెబోరా వైపు చూడకుండా అన్నాడు: "పోనీలే. ఆమె చెప్పింది కూడా ఒక విధంగా సరిపోతుంది. సోమవారం లేదు, గురువారం ఉంది. రోగమన్నాక పెరగదా? గురువారం రిపోర్టు మనం ఇచ్చినాం, మనిషి బతికింది. మన పని అయిపోయింది."

"సోమవారం రక్తంలోనే ఉంది సార్."

"ఎవరు చూసినారు?"

"మీరే చూసినారు. పిపెట్ మీ చేతిలోనే ఉండాది."

హజరత్తయ్య లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి, మూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "నీకు తెలీదమ్మా. కంపెనీవాళ్లు ఏడాదికి రెండొందలమందిని మన దగ్గరికే పంపిస్తా ఉండారు. అదొక్కటే కాదు. మేం తప్పు రాసినాం అని మనమే రాసిస్తే, రేపు బోగోలులో చెయ్యి చాపి రక్తమిచ్చేదెవరు? ఈ పనంతా నమ్మకం మీద నడిచేది."

"దుర్గ కూడా మనల్ని నమ్మింది సార్. ఎంత నమ్మిందంటే, తన ఒంట్లో నొప్పిని కూడా నమ్మకుండా మన కాయితాన్ని నమ్మింది." డెబోరా గొంతు పెరిగింది. ఐదేళ్లలో ఆయన ముందు గొంతు పెంచింది అదే మొదటిసారి. "గురువారం అని రాస్తే ఆమె మూడు రోజులు నటించినట్టే అవుతుంది. ఆమె మొగుడికి, ఆ బల్లకి, ఆమెకి కూడా."

జవాబు కోసం ఆగకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. రక్తం తీసిన సోమవారం తేదీ వేసింది. పేరు, వయసు. మూడు వరసలూ మళ్లీ కొట్టి, సీఆర్‌పీ దగ్గర మూడు వందల ఎనభై నాలుగు అని వేసింది. కింద తెలుగులో రాసింది: "సోమవారం మేమిచ్చిన ఫలితం తప్పు. ఆ రోజు రక్తాన్నే పలచన చేసి తిరిగి చూడగా తీవ్రమైన వాపు ఉన్నట్టు తేలింది. దుర్గ ఆ రోజే జబ్బుతో ఉన్నారు."

హజరత్తయ్య వెనక నిలబడి చదివాడు. "తప్పు అని ఎందుకు? సవరణ అని పెట్టు. అందరూ అట్లానే పెడతారు."

"సవరణ అంటే దుర్గకి అర్థం కాదు సార్. తప్పంటే అవుతుంది."

ప్రింటర్ కాగితాన్ని బయటికి తోసింది. డెబోరా సంతకం పెట్టి, ఆయన పేరున్న చోటు ఖాళీగా వదిలేసి, కాగితాన్ని టేబుల్ మీద పెట్టింది. ఒక్క సంతకంతో అది చెల్లదని ఇద్దరికీ తెలుసు. హజరత్తయ్య దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు.  బయట చేపల ఆటో ఒకటి నీళ్లు కారుస్తూ వెళ్లింది.

"పెద్ద పొరపాటు నాది" అన్నాడు చివరికి. "నీకు పని నేర్పినప్పుడు ఇది నేర్పలా. నాకు నేర్పినాయన నాకూ నేర్పలా." టేబుల్ దగ్గరికి వచ్చి సంతకం పెట్టాడు. స్టాంపు అద్ది, సిరా సరిగ్గా పడలేదని ఇంకోసారి గట్టిగా కొట్టాడు.

ఒక కాపీ కంపెనీకి పంపారు. ఇంకోటి తీసుకుని శనివారం మధ్యాహ్నం డెబోరా నెల్లూరు రైలెక్కింది. పరీక్ష ఫలితం తెలుసుకోవడానికి పోతున్నట్టుంది ఆమెకు. అరచేతులు చెమట పట్టి, కాగితం తడవకుండా సంచిలోకి తోసింది.

దుర్గ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు కాళ్లూ చాపుకుని ఉంది. పక్కన బల్ల మీద గురవమ్మ, కాళ్ల దగ్గర నల్లగా, బక్కగా ఒక మగమనిషి. దుర్గ మొగుడు చెంగయ్య. డెబోరాను చూసి లేచి నిలబడ్డాడు.

"చదివి వినిపించడానికి వచ్చినాను" అంది డెబోరా. కూర్చోకుండానే చదివింది. 'తప్పు' అన్న మాట కూడా మింగకుండా చదివింది.

 దుర్గ కప్పు వైపే చూస్తోంది.

"ఇంకోసారి చదువు మేడమ్. ఆఖరు మాట."

"దుర్గ ఆ రోజే జబ్బుతో ఉన్నారు."

"ఆ రోజే" అంది దుర్గ. పెదాలు వంకరపోయాయి, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఏడుస్తూనే నవ్వింది. "విన్నావా," అంది చెంగయ్యతో. "ఆ రోజే అంట. నేను నటించలా."

చెంగయ్య తల వంచుకుని దుప్పటి అంచు సర్దాడు. సర్దిందే మళ్లీ సర్దాడు.

"నన్ను క్షమించమ్మా" అంది డెబోరా.

దుర్గ చెంప తుడుచుకుని, "మా బల్లకి ఫోన్లో ఒక గ్రూపుండాది. గురవక్కా, ఫోను పెట్టు. మేడమ్, మళ్లీ చదువు. నీ గొంతుతోనే వినాల వాళ్లు" అంది. డెబోరా మూడోసారి చదివింది, ఈసారి ఫోనులోకి, తన పేరు, ల్యాబు పేరు కూడా చెప్పి. చదవడం అయ్యాక గుండెల మీదనుంచి బస్తా దించినట్టుంది. తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఉప్పుగాలి మొహానికి కొట్టింది. ఒక తప్పు చేసింది, దాన్ని దిద్దుకుంది, మనిషి బతికింది. పాట పాడుకుంటూ ఇంటికి పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ల్యాబు రెండు గంటలు తెరిచి ఉంచడం అలవాటు. హజరత్తయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. కంపెనీ నుంచి ఇంకా ఏ ఫోనూ రాలేదని చెప్పాడు. రాకపోవడం మంచిదో చెడ్డదో ఇద్దరికీ తెలియదు. పదకొండున్నరకు రెండు ఆటోలు ల్యాబు ముందు ఆగాయి. కంపెనీవాళ్లు మనుషుల్ని పంపించారనుకుని హజరత్తయ్య లేచి నిలబడ్డాడు.

దిగినవాళ్లందరూ ఆడవాళ్లు. పద్నాలుగుమంది దాకా ఉన్నారు. ఉతికిన చీరలు కట్టుకున్నారు, కొందరి తలలు ఇంకా తడిగా ఉన్నాయి. అందరి చేతి వేళ్లూ నీళ్లలో నాని తెల్లబడి ఉన్నాయి. అందరి చేతుల్లోనూ మడతలు పడ్డ కాగితాలు. ముందు గురవమ్మ.

డెబోరా మొదటి కాగితం తీసుకుని విప్పింది. పోయిన డిసెంబరు. నెగెటివ్. కింద తన సంతకం. రెండోది మార్చి. నెగెటివ్. తన సంతకం. మూడోదాని మీద నీళ్లు పడి అక్షరాలు అలుక్కుపోయాయి గానీ సంతకం మాత్రం స్పష్టంగా ఉంది. నిన్న రైల్లో పాడిన పాట ఆమెకు గుర్తొచ్చింది. ఒక్క తప్పు అనుకుంది. ఎన్ని తప్పులో లెక్క లేదు. ఈ సంతకాల్లో ఏది నిజమో, ఏది కాదో ఆమెకే తెలియదు. ఆ రక్తాలు ఫ్రిజ్‌లో లేవు, ఎప్పుడో పారబోశారు.

డెబోరా మూడు కాగితాలూ టేబుల్ మీద పెట్టింది. నిజం చెప్పాలనుకుంది.

"అమ్మా, వినండి. దుర్గకి జరిగింది ఎక్కడో ఒకరికి జరుగుతుంది. మీలో చానామందికి నిజంగానే ఏం లేకపోవచ్చు. అందరికీ లేదనే రావచ్చు. లేనిపోని ఆశ పెట్టుకోవద్దు."

వెనక ఎవరో ఏదో గొణిగారు. గురవమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మేమేం ఉందని రాయమనడానికి రాలా తల్లీ" అంది. "లేకపోతే లేదనే రాయి. చూసి రాయి. అంతే మేమడిగేది."

ఆమె కుర్చీలో కూర్చుని, రవిక చెయ్యి పైకి లాగి, మోచెయ్యి చాపింది. డెబోరా వెనక్కి తిరిగి చూసింది. హజరత్తయ్య అప్పటికే లోపలి నుంచి రెండో కుర్చీ మోసుకొస్తున్నాడు.